ఒంట్లో పాకిన టీబీ, ఒంటిపై ఆనవాళ్లు

టీబీ అనగానే దగ్గు, తెమడ, ఛాతీ ఎక్స్‌రే గుర్తుకొస్తాయి. ఈ జబ్బు చర్మం మీదా బయటపడుతుంది. ఊపిరితిత్తులకు బయట వచ్చే టీబీలో చర్మానిది ఒకటి రెండు శాతమే. కానీ ఒళ్లంతా పాకిన టీబీలో (డిసెమినేటెడ్ టీబీ) మొదట కంటికి కనబడేది ఒక్కోసారి చర్మం మీది పుండే. దాన్ని గుర్తుపడితే లోపలి జబ్బు దొరుకుతుంది.

టీబీ బ్యాక్టీరియా గాలి ద్వారా ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. చాలామందిలో రోగనిరోధక కణాలు దాన్ని చుట్టుముట్టి అక్కడే కట్టడి చేస్తాయి. ఆ కట్టడి సడలితే అది రక్తంలో కలుస్తుంది. అక్కడి నుంచి కాలేయానికి, ఎముక మజ్జకు, మెదడు పొరలకు, చర్మానికి పాకుతుంది. అప్పుడు ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా కొర్రలు చల్లినట్టు సన్నని చుక్కలు కనిపిస్తాయి. దీన్నే మిలియరీ టీబీ అంటారు. పసిపిల్లలకు, హెచ్ఐవీ ఉన్నవారికి, అవయవ మార్పిడి చేయించుకున్నవారికి, స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడేవారికి ఈ ముప్పు ఎక్కువ.

చర్మం మీద ఇది ముఖ్యంగా మూడు రకాలుగా కనిపిస్తుంది.

మొదటిది, రక్తం ద్వారా నేరుగా వచ్చేది. గుండుసూది తలంత ఎర్రని, ఊదారంగు పొక్కులు ఒంటి మీద చాలాచోట్ల లేస్తాయి. చితికి పక్కు కడతాయి. ఇది అరుదు. ఇలా వచ్చేసరికి రోగి జ్వరంతో బాగా నీరసించి ఉంటాడు.

రెండోది, లోపలి నుంచి పైకి చీల్చుకొచ్చేది (స్క్రోఫులోడెర్మా). మెడలోనో చంకలోనో బిళ్లలు కడతాయి. మెల్లగా మెత్తబడి, పైచర్మం పగిలి చీము కారుతుంది. మన దేశంలో తరచుగా కనిపించే చర్మ టీబీ రకాల్లో ఇదొకటి.

మూడోది, శరీరం చూపే ప్రతిస్పందన (ట్యూబర్‌క్యులిడ్). లోపల ఎక్కడో ఉన్న టీబీ మీద రోగనిరోధక శక్తి గట్టిగా తిరగబడితే చర్మంపై చిన్న కాయలు, పుండ్లు వస్తాయి. వాటిలో బ్యాక్టీరియా సాధారణంగా దొరకదు. అయినా టీబీ మందులకు తగ్గిపోతాయి.

ఇక్కడొక తిరకాసుంది. మొదటి రకంలో చర్మం నిండా బ్యాక్టీరియా ఉన్నా, చేతికి సూది వేసి చూసే మాంటూ పరీక్ష తరచుగా నెగెటివ్ వస్తుంది. ప్రతిస్పందించే శక్తి శరీరానికి ఉండదు గనుక. మూడో రకంలో బ్యాక్టీరియా దొరకదు, మాంటూ మాత్రం గట్టిగా పాజిటివ్ వస్తుంది. అందువల్ల ఒక్క పరీక్షతో తేల్చలేం. చర్మం నుంచి చిన్న ముక్క తీసి చూడాలి (బయాప్సీ). బ్యాక్టీరియా జన్యువును వెతికే సీబీనాట్ లేదా ట్రూనాట్, ఛాతీ ఎక్స్‌రే, షుగర్, హెచ్ఐవీ పరీక్షలు దానికి తోడవ్వాలి.

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఈ సంగతి తెలియడం మరీ అవసరం. ఇక్కడ పల్లెల పక్కనే పరిశ్రమలు పెరిగాయి. గాలి ఆడని గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటే టీబీ తేలిగ్గా అంటుకుంటుంది. పుండు లేస్తే ముందు మందుల షాపులో మలాం కొంటారు. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గుతుంది, జబ్బు లోపల సాగుతూనే ఉంటుంది. స్పర్శ తెలియని మచ్చయితే కుష్టు కూడా కావచ్చు. ఈ రెండు జబ్బుల మీదా పనిచేసే లెప్రా సంస్థ బ్లూ పీటర్ పరిశోధన కేంద్రం మేడ్చల్ జిల్లాలోని చర్లపల్లిలో ఉంది. మేడ్చల్ దగ్గరి ఘన్‌పూర్‌లో మెడిసిటీ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

పుట్టగానే వేసే బీసీజీ టీకా పసిపిల్లలను మిలియరీ టీబీ నుంచి, మెదడు పొరల టీబీ నుంచి చాలావరకు కాపాడుతుంది. పెద్దల ఊపిరితిత్తుల టీబీని అంతగా ఆపలేదు. అందుకే కొత్త టీకా కోసం వెతుకుతున్నారు. శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో ఉన్న భారత్ బయోటెక్, స్పెయిన్ కంపెనీ బయోఫ్యాబ్రితో కలిసి ఎంటీబీవ్యాక్ అనే టీకాపై 2024లో మన దేశంలో పరీక్షలు మొదలుపెట్టింది.

చర్మ టీబీకి వేరే మందు లేదు. మందులకు లొంగే టీబీ అయితే మామూలుగా ఆరు నెలల కోర్సే. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. మెదడుకో ఎముకలకో పాకితే ఇంకా ఎక్కువకాలం వాడాలి. మందులు మొదలుపెట్టిన కొత్తలో మెడలోని బిళ్లలు కొంచెం పెరిగినట్టు కనిపించవచ్చు. అప్పుడు మందు మానకుండా డాక్టర్‌కు చూపించాలి. ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం. పోషకాహారం కోసం నెలకిచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 చేశారు.

వారాలు గడిచినా మానని పుండు, దానితోపాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, మెడలో బిళ్లలు ఉంటే మలాం కొనకండి. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీబీ పరీక్ష అడగండి.