జెండా పండుగకు ముందు రోజే మన కుర్రాళ్లకు నేర్పాల్సినవి

మార్కాపురం, గిద్దలూరు, కంభం మహల్లాల్లో ఆగస్టు 15, జనవరి 26 వచ్చాయంటే కుర్రాళ్లే తాడు, చాక్లెట్ల డబ్బా పట్టుకొని ముందుంటారు. ఉత్సాహానికి లోటు లేదు, తయారీకే లోటు. జెండా తలకిందులైతే ఆ ఫోటో పది నిమిషాల్లో వాట్సాప్‌లో తిరుగుతుంది. అది మన మహల్లాదైతే మాటలు ఇంకో రెండు ఎక్కువే పడతాయి. చేదుగా ఉన్నా ఇది నిజం. అందుకే ముందు రోజు అసర్ నమాజ్ తర్వాత అరగంట రిహార్సల్ పెట్టండి.

ఆగస్టు 15న జెండాను కింద కట్టి పైకి లాగుతారు. జనవరి 26న మడిచి పైనే కట్టి ఉంచి, తాడు లాగి విప్పుతారు. చిక్కంతా ఈ మడత ముడి దగ్గరే. ఒక్క లాగుకే ఊడేలా జారుముడి వేయాలి. బిగించి కట్టారో, పెద్దాయన తాడు లాగుతూనే ఉంటారు, పిల్లలు నవ్వుతారు, చివరికి ఎవరో స్తంభం ఎక్కాలి. పూలరేకులు లోపల పెట్టొచ్చు, 2002 నాటి జెండా నియమావళి దానికి ఒప్పుకుంటుంది. తడి పూలు మాత్రం వద్దు, గుడ్డ అతుక్కుపోతుంది. కాషాయం పైకి ఉందా లేదా అన్నది మడవక ముందే ఇద్దరు చూడాలి.

జాతీయ జెండా కంటే ఎత్తులో మరే జెండా ఉండకూడదు. మన సంఘం జెండా అయినా, పచ్చ తోరణాలైనా అంతే.

పిల్లల్ని మూడు వైపులా నిలబెట్టి, నాలుగో వైపు మధ్యలో స్తంభం ఉండేలా చూసుకోండి. స్పీకర్‌లో పాట పెట్టడం కంటే పిల్లలే పాడితే బాగుంటుంది, జనగణమన మొత్తం 52 సెకన్లే కదా. ప్రతిజ్ఞ ఒక ఆడపిల్లతో చెప్పించండి. దాన్ని 1962లో విశాఖపట్నంలో పైడిమర్రి వెంకట సుబ్బారావు మొదట తెలుగులోనే రాశారని కూడా చెప్పండి. ఉపన్యాసాల కంటే పిల్లలకు ఇదే గుర్తుంటుంది.

2022 నుంచి ఇళ్ల మీద రాత్రిపూట కూడా జెండా ఉంచుకోవచ్చు. చిరిగినా, మాసినా మాత్రం దించేయాలి. పాడైన జెండాను చెత్తలో వేయకూడదు, నలుగురిలో కాకుండా గౌరవంగా పూర్తిగా కాల్చేయొచ్చు. జెండాను అవమానిస్తే 1971 చట్టం కింద మూడేళ్ల దాకా జైలు. పిల్లలు వీధిలో పడేసే కాగితం జెండాల్ని ఆ సాయంత్రమే ఏరించండి.

ఎగరేసేటప్పుడు చకచకా, దించేటప్పుడు మెల్లగా. దించాక కాషాయం, ఆకుపచ్చ పట్టీలను తెలుపు కిందికి మడిచి, చక్రం పైకి కనిపించేలా అరచేతుల మీద తీసుకెళ్లి బీరువాలో పెట్టాలి.