చేప జాడ చెప్పేటోడు: నీటి తెలివి ఎవరిది, చేప ఎవరిది?

‘ఫిషింగ్ గైడ్’ అనే మాట మన ఊళ్ళకు కొత్త. పని మాత్రం కొత్తది కాదు. నీళ్ళు తెలిసిన మనిషి నీళ్ళు తెలియని మనిషిని వెంటబెట్టుకుని పోయి, ఇక్కడ గాలం వెయ్యి, అక్కడ అడుగు పెట్టకు, ఈ గాలికి చేప ఎక్కదు, మాపటికి రా అని చెప్పడమే ఆ పని. అక్కడ పైసలిచ్చేది చేపకు కాదు, తెలివికి. పట్టినవాడికి చేప దక్కుతుంది. జాడ చెప్పినవాడికి కూలి దక్కుతుంది, ఒక్కోసారి మర్యాద, ఒక్కోసారి తన్నులు కూడా. ఈ మూడూ ఎవరికి ఎంత దక్కుతాయన్నది కులాన్ని బట్టి ఎట్లా మారుతుందో చూడడానికి సిరిసిల్లకు అవతలిగట్టున ఉన్న తంగళ్ళపల్లి మంచి చోటు.

తంగళ్ళపల్లిని, సిరిసిల్లను మానేరు విడదీస్తుంది, వంతెన కలుపుతుంది. 2016 అక్టోబర్‌లో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడ్డప్పుడు తంగళ్ళపల్లి వేరే మండలమైంది. ఎగువన నర్మాల దగ్గర నిజాం కాలంలో కట్టిన ఎగువ మానేరు, దిగువన మాన్వాడ దగ్గర మధ్య మానేరు, ఇంకా దిగువన కరీంనగర్‌ను ఆనుకుని దిగువ మానేరు ఉన్నాయి. ఒక్క వాగును మూడుచోట్ల ఆపారు. మధ్య మానేరు ఒక్కదానిలోనే 25 టీఎంసీలకు పైగా నీళ్ళు పడతాయి. అన్ని నీళ్ళున్నచోట చేప ఉంటుంది. చేప ఉన్నచోట దాని జాడ తెలిసినవాడి అవసరం పడుతుంది.

అయితే మన దగ్గర నీటి జాడ ఎవరికి తెలుసు? ఈ ప్రశ్నకు ఎవరైనా వెంటనే బెస్తవాళ్ళకు, ముదిరాజులకు అని జవాబు చెబుతారు. అది నిజమే గానీ సగం నిజం. చెరువు నీటి లెక్క పెట్టినవాడు ఇంకొకడున్నాడు. వాడు నీరటి. తెలంగాణలో చాలా ఊళ్ళలో నీరటి పని మాల, మాదిగ కుటుంబాలదే. తూము ఎప్పుడు తెరవాలె, ఏ కాలువకు ఎంత సేపు వదలాలె, మత్తడి ఎప్పుడు దుంకుతది, కట్ట ఎక్కడ చెమ్మగిల్లుతున్నది – ఇదంతా వాడి కంటిలో ఉండేది. వానకాలం అర్ధరాత్రి కట్ట మీద కావలి పడుకునేది వాడే. ఆ పనికి జీతం లేదు. కళ్ళంలో గింజలు కొలిచిన తర్వాత రైతు పెట్టిన మేర, కొన్నిచోట్ల కాస్త ఇనాం భూమి, అంతే. చెరువు తెగితే మాత్రం మొదటి తిట్టు వాడికే. తెగిన కట్టకు మనిషిని బలిస్తే గానీ నీళ్ళు ఆగలేదని చెప్పే కట్టమైసమ్మ కథలు మన ఊళ్ళలో ఎన్నో ఉన్నాయి. ఆ కథల్లో బలయ్యేది ఎవరో చూడండి, దొర కొడుకు ఒక్కచోట కూడా కనబడడు.

నీరటి మొత్తం చెరువుకు గైడే. తూములోకి చేప ఎప్పుడు కొట్టుకొస్తుందో, మత్తడి దుంకిన రోజు ఏ జాతి ఎదురెక్కుతుందో, ఎండాకాలం ఏ మడుగులో చివరి నీళ్ళు నిలుస్తాయో వాడికంటే బాగా తెలిసినవాడు లేడు. తూము కింద మావు పెట్టుకుని రెండు జెల్లలో, నాలుగు పరకలో ఇంటికి తెచ్చుకోవడం వాడికి దక్కిన లాభం. అది హక్కు కాదు, చూసీచూడనట్టు వదిలెయ్యడం. దొర మంచిగుంటే దొరికేది, గుస్సా అయితే దొంగతనమయ్యేది. ఈ తేడాను మనం గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఇవాళ గైడ్ పని కూడా ఈ చూసీచూడనితనం మీదనే నడుస్తోంది.

నీరటి, మస్కూరి, శేత్‌సింది వంటి పేర్లతో నడిచిన ఈ వంశపారంపర్య చాకిరీ పేరు మార్చుకుంటూ గ్రామ రెవెన్యూ సహాయకుల దాకా వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇరవై వేలకు పైబడిన ఆ సహాయకులను ఇతర శాఖల్లో సర్దింది. మంచిదే. కానీ నీటి పని చేసినవాడి కొడుకు ఆఫీసు అటెండరయ్యాడు గానీ నీటికి హక్కుదారు కాలేదు.

ఇప్పుడు చేప హక్కు సంగతి. చెరువుల్లో, రిజర్వాయర్లలో చేప పట్టే హక్కు ప్రధానంగా మత్స్య సహకార సంఘాల ద్వారా నడుస్తుంది. సంఘంలో సభ్యత్వం కావాలంటే మత్స్యకారుడన్న గుర్తింపు ఉండాలి. ఆ గుర్తింపు చేసే పనితో కాక పుట్టిన కులంతో మొదలవుతుంది. ఆపైన నైపుణ్య పరీక్ష ఉంటుంది: ఈత కొట్టి చూపాలి, వల విసిరి చూపాలి. చిన్ననాటి నుంచి తూము కింద పెరిగిన మాదిగ పిల్లవాడు ఈ పరీక్షలో నెగ్గగలడేమో గానీ, పరీక్షకు కూర్చునే అర్హత దగ్గరే ఆగిపోతాడు. 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పంపిణీ, ఆ తర్వాత వచ్చిన సబ్సిడీ వలలు, మోపెడ్లు అన్నీ ఈ సంఘాల దారిలోనే పోయాయి. రాష్ట్రం కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించింది. మృగశిర కార్తె నాడు అందరూ కొనుక్కుని తింటారు. వాడ మాత్రం కొనేవాళ్ళ వరుసలోనే ఉంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది గంగపుత్రుల మీదనో, ముదిరాజుల మీదనో చేసే ఫిర్యాదు కాదు. వాళ్ళూ పేదలే. వాళ్ళలో వాళ్ళకే సభ్యత్వం మీద ఏళ్ళ తరబడి పేచీ ఉంది. సంఘం పేరు మీద చెరువు తీసుకుని, పెట్టుబడి పెట్టిన వ్యాపారికి చేపంతా అప్పజెప్పి, తన చెరువులో తానే కూలికి వల లాగే గంగపుత్రుడు మనకు కొత్త కాదు. వెనకబడ్డ కులాన్ని, దళితుణ్ణి ఒకే బొక్కెనెడు నీళ్ళ కోసం కొట్లాడబెట్టడం పైవాళ్ళకు సుఖం. ఆ సుఖాన్ని మనం ఎందుకివ్వాలి?

గైడ్ పని అసలు రూపం చూడాలంటే కొంచెం దక్షిణానికి పోవాలి. కర్ణాటకలో కావేరి ఒడ్డున భీమేశ్వరి, గాలిబోరె దగ్గర మహసీర్ చేప కోసం దేశదేశాల నుంచి గాలపు సరదా ఉన్నవాళ్ళు వచ్చేవాళ్ళు. ఈ సరదాకు తెల్లదొరల కాలం నాటి చరిత్ర ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ సివిల్ అధికారి హెన్రీ సలివాన్ థామస్ 1873లోనే ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అనే పెద్ద పుస్తకం అచ్చేయించాడు. 1946లో కావేరిలో పట్టిన 120 పౌన్ల మహసీర్ రికార్డు మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ పేరు మీద ఉంది. రికార్డు పుస్తకంలో గాలం పట్టినవాడి పేరే ఉంటుంది. పుట్టి తెడ్డు వేసినవాడికి, రాగిముద్ద ఎరగా కట్టినవాడికి అందులో గడి లేదు. తరువాతి కాలంలో అక్కడి క్యాంపులు చుట్టుపక్కల ఊళ్ళ జాలరులనే గైడ్‌లుగా పెట్టుకున్నాయి. అంతకుముందు దొంగచాటుగా చేప పట్టినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. పట్టిన చేపను కొలిచి, ఫొటో దిగి, మళ్ళీ నీళ్ళలో వదలాలి. చేప బతికుంటేనే జీతం కాబట్టి కాపలా కూడా నిక్కచ్చిగానే చేశారు. చివరికి వన్యప్రాణి అభయారణ్యంలో గాలం ఆట చట్టానికి సరిపడదని ఆ క్యాంపుల్లో ఆట ఆపేశారు. ఆట ఆగితే సరదాకు వచ్చినవాడు ఇంకో దేశం పోతాడు. గైడ్ ఎక్కడికి పోవాలి? నది మీద వాడికి కాగితం లేదు, ఉన్నది తెలివి ఒక్కటే.

మానేరు మీద అట్లాంటి క్యాంపుల ఏర్పాటు లేదు. ఇక్కడ పని చిల్లరది: సెలవు రోజున పట్నం నుంచి గాలం కట్టెలతో వచ్చినవాళ్ళకు దారి చూపడం, తెప్ప నడపడం, ఎర సంపాదించడం, పట్టిన చేపను కోసి వండిపెట్టడం. లాభాలు లేవనను. బీడీల దగ్గర, సాంచెల మీద, కైకిలు పనిలో రోజంతా ఒళ్ళు వంచితే వచ్చే పైసలు ఇక్కడ ఒక పూటలో చేతికి రావచ్చు. పైసల కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఊరిలో “అరేయ్” అని పిలిపించుకునే మనిషిని వచ్చినవాళ్ళు “అన్నా, ఇప్పుడేం చేద్దాం?” అని అడుగుతారు. వాడు వద్దంటే ఆగుతారు, పదమంటే నడుస్తారు. వాడి చేతి వంట తింటారు. మూడు నాలుగు గంటలు వాడి మాట చెల్లుతుంది. ఈ మర్యాదను తేలిగ్గా తీసెయ్యకూడదు. అది గట్టు దిగి ఊళ్ళోకి వచ్చేసరికి అయిపోతుందన్నది వేరే సంగతి.

ఒత్తిడి ఎట్లా ఉంటుందో కొర్రమట్టను పెట్టి చెబుతాను. కొర్రమట్ట గాలి పీల్చే చేప. నీళ్ళ పైకి వచ్చి గుటక వేసి పోతుంది. చూపున్నవాడికి ఆ బుడగ చాలు. పిల్లలు పెట్టిన కాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద మరుగుతున్నట్టు కదులుతుంటుంది, కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మధ్యకు కప్ప ఎరను విసిరితే కాపలా చేప కోపంతో కొడుతుంది. ఆకలి లేకున్నా కొడుతుంది. చేప పట్టడానికి అంతకంటే సులువైన పద్ధతి లేదు. కానీ కాపలా చేప పోయిన మరుక్షణం పిల్లల్ని మిగతా చేపలు మింగేస్తాయి. వచ్చినవాడికి పెద్ద చేప కావాలి, ఫొటో కావాలి. చూపకపోతే ఇంకోసారి పిలవడు. చూపితే వచ్చే ఏడు ఆ మడుగు ఖాళీ. జీతం, బీమా, హక్కు ఉన్నవాడు ‘వద్దు సార్’ అనగలడు. పూటకు ఇంతని బేరం కుదుర్చుకున్నవాడు ఎంతవరకు అనగలడు? చేపలు తరిగిపోయాయని రేపు లెక్క తేలినప్పుడు తప్పు మాత్రం వీడి మీదనే పడుతుంది. సంఘంవాళ్ళ కంటికి వీడు ముందే దొంగ. తమ చేపను పరాయివాడికి అమ్ముకుంటున్నాడని పంచాయితీ పెడతారు.

తంగళ్ళపల్లి వైపు ఇంకో తెలివి ఉంది, అది పుస్తకాల్లో దొరకదు. మధ్య మానేరు కింద చీర్లవంచ, చింతలఠాణా, అనుపురం, కొదురుపాక, నీలోజిపల్లి వంటి ఊళ్ళు మునిగాయి. నీళ్ళ కింద గోడలున్నాయి, చేదబావులున్నాయి, నరికిన చెట్ల మొదళ్ళున్నాయి. చేప అట్లాంటి మరుగులోనే ఉంటుంది. వల కూడా అక్కడే చిక్కి చినుగుతుంది. ఏది ఎక్కడుందో ఆ ఊళ్ళో పుట్టినవాడికే తెలుసు. అంటే నిర్వాసితుడు తన వాకిలి మీద తెప్ప ఆపి, ఇక్కడ లోతు ఇంత అని పరాయివాడికి చెప్పే పరిస్థితి ఇది. భూమి ఉన్నవాడికి భూమి లెక్కన పరిహారం వచ్చింది. భూమి లేనివాడికి నదితో ఉన్న సంబంధానికి, మడుగులో పట్టుకున్న చేపకు, గట్టు మీద మేపుకున్న మేకకు ఏ రిజిస్టర్లోనూ వెల కట్టలేదు. పోయినదాన్ని గుర్తుపెట్టుకోవడమే ఇప్పుడు వాడికి కూలి పని అయింది.

పైగా పాత లెక్కలు కూడా పనిచెయ్యడం లేదు. వాన పడితే నీళ్ళు పెరుగుతాయి, ఎండ ముదిరితే తగ్గుతాయి అన్న నీరటి కాలం పోయింది. వరద కాలువ నుంచి, 2019లో ప్రారంభమైన కాళేశ్వరం మోటార్ల నుంచి నీళ్ళు వచ్చే రిజర్వాయరు ఇది. ఎండాకాలంలో పెరగొచ్చు, వానకాలంలో తగ్గొచ్చు. గేట్లు ఎప్పుడెత్తుతారో ఇంజనీరుకు తెలుసు, గట్టు మీద ఉన్నవాడికి తెలియదు. ఇక వాగులో ఇసుక తోడిన చోట్ల నిన్న మోకాలి లోతున్నది ఇవాళ మనిషి లోతవుతుంది. ఇసుక సంగతి ఈ మండలానికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2017 జూలైలో నేరెళ్ళ దగ్గర ఇసుక లారీ కింద పడి ఒక మనిషి చనిపోతే, జనం లారీలు తగలబెట్టారు. తర్వాత పోలీసులు పట్టుకుపోయిన దళిత, బీసీ యువకులను చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణ ఢిల్లీ దాకా పోయింది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించినప్పుడు తగాదా వెట్టి మీద, కూలి మీద, భూమి మీద. నలభై ఏళ్ళ తర్వాత నదిలో ఇసుక మీద. నది లాభం బయటికి పోతుంది, లారీ మాత్రం వాడ ముందు నుంచి పోతుంది.

నీటి కోసం దళితుల పోరాటం అనగానే మనకు 1927 మహాడ్ చవదార్ చెరువు గుర్తొస్తుంది. 1985 కారంచేడు గుర్తొస్తుంది – అక్కడ కూడా తగాదా మొదలైంది తాగే నీటి చెరువును మురికి చేయవద్దన్నందుకే. ఈ పోరాటాలు తాగే నీటిని ముట్టుకునే హక్కును ముందుకు తెచ్చాయి. నీటిలో పండే సంపద మీద హక్కు అన్న ప్రశ్న వెనకబడిపోయింది. ఆ ప్రశ్నకు దగ్గరగా పోయిన అనుభవం ఒకటి కొల్లేటిలో ఉంది. 1970లలో ప్రభుత్వం అక్కడ మత్స్యకారులతో పాటు దళితుల సహకార సంఘాలకు కూడా చేపల చెరువులు ఇచ్చింది. పెట్టుబడి, మేత, మార్కెట్ చేతిలో లేనందున చాలా చెరువులు లీజు పేరుతో డబ్బున్నవాళ్ళ కిందికి పోయాయి. సభ్యులు తమ చెరువు గట్టు మీద కాపలా కూలీలయ్యారు. 2006లో అభయారణ్యం కోసం చెరువు గట్లు కొట్టేసినప్పుడు ఆ కూలి కూడా పోయింది. కాగితం ఒక్కటి ఇస్తే చాలదని కొల్లేరు చెబుతోంది. కాగితమే లేకపోతే ఏమవుతుందో మానేరు చెబుతోంది.

ఈ నేపథ్యంలో కార్యకర్తలు పట్టుకోదగ్గ కొస ఒకటుంది. 2020లో కేంద్రం తెచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో లబ్ధిదారులకు మామూలుగా 40 శాతం సబ్సిడీ ఉంటే, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం పెట్టారు. ప్రమాదంలో చనిపోతే 5 లక్షల బీమా కూడా ఆ పథకంలో ఉంది. వినడానికి బాగుంది. అయితే చెరువు మీద హక్కు గానీ, చెరువు తవ్వుకోవడానికి భూమి గానీ లేనివాడు 60 శాతం దేని మీద తీసుకోవాలి? బీమా జాబితాలో పేరెక్కాలంటే మత్స్యకారుడన్న గుర్తింపు కావాలి, తెప్ప నడిపే మాదిగవాడు ఏ గడిలో పడతాడు? మునిగిన ఊళ్ళ నిర్వాసితుల్లో నీటి మీద బతికే భూమిలేని కుటుంబాలు ఎన్ని, వాటిలో ఎస్సీలవి ఎన్ని అన్న లెక్క గ్రామసభలో తీయించి, తీర్మానం రాయించి జిల్లా మత్స్యశాఖ అధికారికి ఇవ్వడం మొదటి పని. సంఘాల్లో ఉన్న గంగపుత్రులతో, ముదిరాజులతో కూర్చుని మాట్లాడుకోవడం దానికంటే ముందు చెయ్యాల్సిన పని. వ్యాపారి కింద వాళ్ళు పడే బాధ, గట్టు మీద వీడు పడే బాధ ఎదురెదురు పెట్టి మాట్లాడితే తెప్ప నడిపేవాళ్ళను, దారి చూపేవాళ్ళను కూడా సంఘం లెక్కలోకి తెచ్చి, వచ్చినవాళ్ళ నుంచి తీసుకునే రుసుములో ఇద్దరికీ వాటా రాసుకోవచ్చు. పిల్లలు పెట్టే కాలంలో గాలం వద్దని చెప్పే అధికారం కూడా అదే కాగితంలో రాయించాలి, లేకపోతే ‘వద్దు సార్’ అనే మాట వాడి నోటికి రాదు.