ఇంటి బిస్కెట్టుకైనా లెక్క తప్పదు

"డాక్టరుగారూ, బయటి బిస్కెట్లు మంచివి కావంటారు. మరి ఇంట్లో చేసుకుంటే ఎన్ని తిన్నా ఫరవాలేదు కదా?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. దీనికి జవాబు చెప్పేముందు నేను చేసిన ఒక పొరపాటు మీకు చెప్పాలి.

బడంగ్‌పేటలో మా వీధి చివర ఉండే ఒక పెద్దావిడకు చక్కెర వ్యాధి ఉంది. పొద్దునా సాయంత్రమూ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్లు ముంచుకు తినడం అలవాటు. హైదరాబాదు చుట్టుపక్కల వారికి ఈ అలవాటు సంగతి వేరే చెప్పనక్కరలేదు. "అవి మానెయ్యండమ్మా, తినాలనిపిస్తే ఇంట్లోనే చేసుకోండి" అని మందుచీటీ రాస్తూ ఒక మాట అనేశాను. మూడు నెలల తర్వాత పరీక్ష చేయించగా, పరగడుపున 132 ఉండే చక్కెర 178 అయింది! మందులు వేళకే వేసుకుంటున్నారు.

"మీరు చెప్పినట్లే దుకాణం బిస్కెట్లు బంద్ చేసిన డాక్టరమ్మా. మా కోడలు ఇంట్లనే చేస్తున్నది. రాగిపిండి, బెల్లం, ఇంటి నెయ్యి. మంచివే గదా?" అన్నారావిడ. రోజుకెన్ని అంటే ఆరు అన్నారు.

కోడలిని పిలిచి కొలతలు అడిగాను. రాగిపిండి, గోధుమపిండి కలిపి 200 గ్రాములు, బెల్లం 120 గ్రాములు, నెయ్యి 100 గ్రాములు. వీటికి 24 బిస్కెట్లు. లెక్క వేస్తే ఒక్కొక్క బిస్కెట్టులో 5 గ్రాముల బెల్లం, 4 గ్రాముల పైన నెయ్యి, సుమారు 80 కాలరీలు ఉన్నాయి. అంటే ఆరు బిస్కెట్లతో 30 గ్రాముల బెల్లం, దాదాపు 500 కాలరీలు. అది ఒక పూట భోజనం! రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నమాట నిజమే. కాని పక్కన చేరిన బెల్లం ఊరుకోదు. బెల్లంలోనూ అధికభాగం చక్కెరే. రక్తంలో చేరాక అది బెల్లమా, పంచదారా అన్న భేదం శరీరానికి పెద్దగా ఉండదు.

తప్పు కోడలిది కాదు, కొలత చెప్పకుండా సలహా ఇచ్చిన నాది. పథ్యం చెప్పేవాళ్లు ఒకసారి వండి చూడటం మంచిదనిపించి, ఆదివారం మా ఇంట్లోని ఓవెన్ ముందు నిలబడ్డాను.

మొదటివారం బెల్లమూ, నెయ్యీ రెండూ సగానికి సగం తగ్గించేసి, పిండి ముద్ద కావడానికి నీళ్లు పోశాను. పిండి రేణువులకు నెయ్యి పూతలా పట్టుకుంటేనే బిస్కెట్టు గుల్లగా వస్తుంది. నెయ్యి తగ్గి నీళ్లు ఎక్కువైతే గోధుమలోని జిగురు సాగి గట్టిపడుతుంది. తీపి తగ్గితే ఎర్రటి రంగూ త్వరగా రాదు. ఆ రంగు కోసం ఎదురుచూస్తూ మరో పది నిమిషాలు ఉంచాను. పైగా వేడిమీద బిస్కెట్టు మెత్తగానే ఉంటుందనీ, చల్లారాకే గట్టిపడుతుందనీ అప్పుడు నాకు తెలియదు. చల్లారాక మావారు ఒకటి కొరికి, "దీనికి పళ్ల డాక్టరు చీటీ కూడా జతచెయ్యి" అన్నారు.

రెండోవారం పట్టుదలకొద్దీ గోధుమపిండి మానేసి, నెయ్యి పెంచి, వంటసోడా రెట్టింపు వేశాను. ఈసారి ముట్టుకుంటే పొడి, నోట్లో పెడితే సబ్బురుచి. పొడి కావడానికి కారణం జిగురు లేని రాగిపిండా, నెయ్యా, సోడానా? మూడూ ఒకేసారి మార్చాను గనుక తెలిసే మార్గం లేదు.

ఇదే పొరపాటు నా దగ్గరికి వచ్చే రోగులు నిత్యం చేస్తుంటారు. ఒకే వారంలో కొత్త మాత్ర మొదలుపెడతారు, మెంతినీళ్లు తాగుతారు, రాత్రి అన్నం మానేస్తారు. చక్కెర తగ్గితే దేనివల్ల తగ్గిందో, కళ్లు తిరిగితే దేనివల్ల తిరిగాయో ఎవరు చెప్పగలరు?

మూడోవారం నుంచి నోటుపుస్తకం పెట్టాను. వారానికి ఒక్క మార్పు మాత్రమే. బెల్లం 120 నుంచి 90కి, తర్వాత 60కి తగ్గించినా రుచి నిలిచింది. 40కి వచ్చేసరికి చప్పబడింది. నెయ్యి 80 గ్రాములకు దిగినా గుల్లతనం ఉంది, 60కి దిగితే లేదు. చివరికి కుదిరిన పాకం ఇది: వేయించిన రాగిపిండి 100 గ్రాములు, గోధుమపిండి 100, నెయ్యి 80, బెల్లంపొడి 60, బేకింగ్ పౌడరు అర టీస్పూను, ఏలకులపొడి, ముద్ద కావడానికి రెండు మూడు చెంచాల పాలు. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 160 డిగ్రీల వద్ద 15 నుంచి 18 నిమిషాలు. అంచులు గట్టిపడగానే తీసి చల్లారనివ్వాలి. 24 బిస్కెట్లు చేస్తే ఒక్కొక్కదానిలో రెండున్నర గ్రాముల బెల్లం, సుమారు 65 కాలరీలు ఉంటాయి.

మీరూ చేసుకునేటట్లయితే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. రక్తపోటు ఉన్నవారు వంటసోడా విషయంలో జాగ్రత్తపడాలి. ఒక టీస్పూను సోడాలో సుమారు 1,200 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి 2,000 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వనస్పతిలాంటి కొవ్వుల్లో గుండెకు చెరుపు చేసే ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించరాదని మనదేశంలో 2022 నుంచి నిబంధన ఉంది. అంతమాత్రాన వనస్పతి మంచిదైపోలేదు. నెయ్యీ, వెన్నా కూడా మితంగానే వాడాలి. ఇక డబ్బా బల్లమీద ఉంచకండి. ఎదురుగా ఉంటే రెండు ఆరవడానికి ఎంతోసేపు పట్టదు. చక్కెర వ్యాధి ఉన్నవారికి రోజుకు రెండు చాలు, అదీ మీ డాక్టరుతో చెప్పి. వాటి లెక్క భోజనంలో తగ్గించుకోవాలి. బిస్కెట్లు మార్చామని మందులు మాత్రం మార్చకండి.

ఈ కొలతలు ఆ కోడలికి రాసిచ్చాను. రోజుకు రెండే అని అత్తగారితో ఒప్పించుకుంది, నోటుపుస్తకం కూడా పెట్టింది. మళ్లీ మూడు నెలలకు ఆవిడ పరగడుపు చక్కెర 138. బిస్కెట్లవల్లనే దిగిందని నేను అనను, సాయంత్రం నడక కూడా మొదలుపెట్టారు. "రెండే అంటే మనసు నిండుతలేదు డాక్టరమ్మా" అంటారింకా.

కాబట్టి "ఇంట్లో చేసిందేగా" అని చెయ్యి చాచేముందు, అందులో ఏది ఎంత వేశారో ఒకసారి అడగండి. నేను అడగకుండానే సలహా ఇచ్చాను, అందుకు మూడు నెలలు ఆవిడ మూల్యం చెల్లించింది.