ముందుగా రుసుము కోరు అప్పులవారు

కౌకూరు, బొల్లారము, శామీరుపేట ప్రాంతములలో జూను మాసము వచ్చినంతనే బడి రుసుములకు, పుస్తకములకు సొమ్ము వెదకని గృహము అరుదు. పూర్వము షావుకారు వద్దకో, నగల తాకట్టు దుకాణమునకో పోవుచుండిరి. ఇప్పుడు అప్పిచ్చెదననువాడే ఫోనులో ఇంటికి వచ్చుచున్నాడు. పెక్కిండ్లలో ఆ ఫోను చదివి తల్లిదండ్రులకు చెప్పువాడు మన విద్యార్థియే గనుక ఈ సంగతి అతడు తెలిసికొనుట యవసరము.

“పూచీ యక్కరలేదు, అరగంటలో రెండు లక్షలు” అను ప్రకటనను నొక్కినంతనే మిగుల మర్యాదగా నొకడు మాటలాడును. ఆధారు, పాను కార్డుల చిత్రములు పంపుమనును. మఱునాడు మంజూరు పత్రము వచ్చును. దానిపై పేరుగల బ్యాంకు ముద్ర, ఒక్కొక్కప్పుడు రిజర్వు బ్యాంకు చిహ్నము సయితముండును. (రిజర్వు బ్యాంకు ప్రజలకు అప్పులీయదు, వ్యక్తులకు పొదుపు ఖాతాలు నుంచదు.) పిమ్మట పరిశీలన రుసుమని రెండు మూడు వేలడుగును. అది కట్టగా బీమా యనును. బీమా కట్టగా పన్ను యనును. తుదకు “మీ ఖాతా సంఖ్యలో ఒక అంకె తప్పినది, సొమ్ము నిలిచిపోయినది, విడిపించుటకు మఱి యైదువేలు” అనును. మొదటి రుసుమునకు ఎర అప్పు. రెండవదానికి ఎర మొదట కట్టిన సొమ్మే. అది పోవునను భయమే మరల కట్టించును.

ఇది క్రొత్త విద్య కాదు. స్పెయిను చెఱసాలలో నున్న ధనికుని విడిపించుటకు కొంత పంపినచో గొప్ప ప్రతిఫలము దొరకునని పందొమ్మిదవ శతాబ్దముననే విదేశములకు ఉత్తరములు పోవుచుండెను.

దీనికి దాయాదియైన మఱియొక మోసము గలదు. కొన్ని యాపులు చిన్న యప్పునిచ్చి, అందులోనే రుసుము పట్టుకొని, కొలదిదినములకే నిర్బంధించి, ఫోనులోని బంధుమిత్రులకు దూషణ సందేశములు పంపుచుండెను. ఆ వేధింపులకు తాళలేక కొందఱు ప్రాణములు విడువగా, 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు పలువురిని నిర్బంధించిరి. రిజర్వు బ్యాంకు నియమించిన సంఘము 2021లో సుమారు 1100 అప్పుల యాపులను గుర్తించి, వానిలో 600 అక్రమమైనవని తెలిపెను.

2022 సెప్టెంబరులో వచ్చిన నియమములు, వానిని సమకూర్చిన 2025 నాటి నిర్దేశములు, ఫోను ద్వారా నిచ్చు అప్పులలో మధ్యవర్తి రుసుమును అప్పిచ్చు సంస్థయే చెల్లింపవలెనని, ఋణగ్రహీతనుండి మధ్యవర్తి వసూలు చేయరాదని చెప్పుచున్నవి. వడ్డీయు రుసుములును గలిపి ఏటికి నూటికెంత పడునో ముందే వ్రాసి యీయవలెను. నిజమైన బ్యాంకులును కొన్ని అప్పులకు పరిశీలన రుసుము తీసికొనును. కాని అది సంస్థ ఖాతాకు పోవును గాని యెవరో యొక వ్యక్తి యూపీఐకి పోదు. మోసగాండ్రు నిజమైన సంస్థల పేర్లనే వాడుదురు గనుక, పేరు చూచి నమ్మక, శాఖకు స్వయముగా పోయి విచారించుట మేలు.

సొమ్ము పోయినచో ఆలస్యము కూడదు. అది గంటలలోనే పలు ఖాతాలు మాఱును. వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేసినచో, ఇంకను మిగిలిన మొత్తమును బ్యాంకులు నిలిపివేయు అవకాశము గలదు. సందేశములు, చెల్లింపు సంఖ్యలు చెఱిపివేయరాదు. “పోయిన సొమ్ము రాబట్టెదము, కొంత రుసుము పంపుడు” అని పిమ్మట వచ్చువాడును ఆ జాతివాడే. కార్డుల చిత్రములు పంపియున్నవారు తమపేర ఇతరులు అప్పు తీసినారేమో చూచుకొనవలెను. ఋణ సమాచార సంస్థలు ఏటికొకసారి పూర్తి నివేదికను ఉచితముగా నిచ్చును.