ఎన్ని ఊళ్లు అని కాదు, ఎన్ని రాత్రులు అని అడుగుదాం

ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు వరకు ఉన్న మన సంఘాల్లో ఈ మధ్య ఒక కొత్త ఆశ తరచుగా వినిపిస్తోంది. సింగరేణిలో పదవీ విరమణ చేసినవారు, రిటైరైన టీచర్లు, పిల్లలు జర్మనీలోనో ఇంగ్లండులోనో చదువుకుంటున్న తల్లిదండ్రులు నలుగురైదుగురు కలిసి 'ఒక్కసారి యూరప్ చూసి వద్దాం' అనుకుంటున్నారు. లూథర్ బోధించిన ఊరు, పౌలు బందీగా గడిపిన రోమ్ కళ్లారా చూడాలన్నది వారి కోరిక. కోరిక మంచిదే. అయితే ట్రావెల్ ఏజెంటు చేతికిచ్చే రంగుల కాగితం మీద 'పన్నెండు రోజులు, ఎనిమిది నగరాలు' అని ఉంటుంది. ఎనిమిది అన్న అంకె చూడగానే పెట్టిన డబ్బుకు తగిన ఫలం దక్కినట్టే అనిపిస్తుంది. నిజంగా దక్కుతుందా?

ఒకసారి లెక్క వేసి చూద్దాం. ఊరు మారిన ప్రతిసారీ పెట్టె సర్దాలి, గది ఖాళీ చేయాలి, స్టేషన్‌కు చేరాలి, రైలెక్కాలి, కొత్త ఊళ్లో బస వెతుక్కోవాలి. ఎంత చురుకైనవారికైనా సగం రోజు పోతుంది. ఎనిమిది నగరాలంటే ఏడు మార్పులు, అంటే మూడున్నర రోజులు. దిగిన రోజు నిద్రమత్తులోను, తిరుగు ప్రయాణం రోజు విమానాశ్రయంలోను గడిచిపోతాయి. పన్నెండులో మిగిలేది ఆరున్నర రోజులు. ఒక్కో నగరానికి ఒక పూర్తి రోజు కూడా రాదు. అదే నాలుగు ఊళ్లయితే మార్పులు మూడే. ఎనిమిదిన్నర రోజులు మిగులుతాయి. ఒక్కో ఊరికి రెండు రోజులకు పైనే దొరుకుతాయి. జీవితంలో ఒక్కసారే వెళ్లగలిగినవారికి, అరవై దాటిన మోకాళ్లతో నడిచేవారికి ఈ తేడా చిన్నది కాదు.

యూరప్‌లో ఊరి తర్వాత ఊరు తిరిగిన ఒక యాత్రికుడు మనందరికీ తెలిసినవాడే. అపొస్తలుడైన పౌలు త్రోయలో రాత్రివేళ దర్శనం చూసి, ఓడెక్కి సమొత్రాకే, నెయపొలి మీదుగా ఫిలిప్పీ చేరాడు. థెస్సలొనీకలో మూడు విశ్రాంతి దినాలు సమాజమందిరంలో తర్కించాడు. ఆనాటి ప్రపంచంలో పేరుమోసిన ఏథెన్సులో మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. ఓడరేవుల సందడి, వర్తకుల గోల నిండిన కొరింథుకు ఏడాదిన్నర ఇచ్చాడు. ఆ పట్టణంలో తనకు చాలామంది జనమున్నారని ప్రభువు చెప్పాడు కనుక అక్కడ నిలిచాడు. ఊరి కీర్తిని బట్టి కాదు, అక్కడున్న పనిని బట్టి ఆయన రోజులు పంచాడు.

మరో సంగతి కూడా గమనించాలి. పెంతెకొస్తు నాటికి యెరూషలేము చేరాలన్న తొందరలో, తనకెంతో ప్రియమైన ఎఫెసును సైతం పక్కన పెట్టి ఓడ సాగనిచ్చాడు. అక్కడి పెద్దలనే మిలేతుకు పిలిపించుకొని మాట్లాడాడు. కొరింథువారికి రాసిన మొదటి పత్రిక చివరి అధ్యాయంలో తన ప్రయాణ ప్రణాళిక చెబుతూ, దారిలో పోతూ ఊరికే చూసిపోవడం తనకు ఇష్టం లేదని, కొంతకాలం వారితో ఉండాలని ఆశిస్తున్నానని తెలియజేశాడు. యాత్రకు బయలుదేరే ప్రతి బృందం ఆ అధ్యాయాన్ని ముందుగా కలిసి చదువుకోవాలని మా సలహా.

రోజులు పంచడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. ఒక పాస్టరేట్‌లో ఒక్క పాస్టరు, పది ఊళ్లు ఉంటే ఆదివారాలు పంచుకోవాల్సిందే. ఒకే రోజు నాలుగు ఊళ్లలో ఆరాధన ముగించి వచ్చేయవచ్చు. కానీ ఒక ఊళ్లో రాత్రి ఉండి, దీపం పెట్టాక ఇంటింటికీ వెళ్లి కూర్చుంటేనే ఎవరి ఇంట్లో జ్వరముందో, ఎవరి మిరపతోట ఎండిపోయిందో తెలుస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో దుమ్ముగూడెంలో పనిచేసిన సి.ఎం.ఎస్. మిషనరీ జాన్ కెయిన్ ఏళ్ల తరబడి ఈ గోదావరి ఒడ్డునే ఉన్నాడు. అందుకే భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి, ఇక్కడి కోయల గురించి 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో వివరంగా రాయగలిగాడు. డోర్నకల్‌లో సేవ చేస్తున్న అజరయ్య 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు వెళ్లి, మిషనరీల నుంచి మాకు కావలసింది స్నేహమని అడిగారు. రెండేళ్ల తర్వాత, 1912లో, ఆయన డోర్నకల్ బిషప్ అయ్యారు. స్నేహం దారిలో పోతూ కుదిరేది కాదు. మనుషులతోనైనా, ఊళ్లతోనైనా అంతే.

అలాగైతే మన తెలుగు విశ్వాసులు ఎక్కువ రాత్రులు ఇవ్వవలసిన ఊరు ఏది? ప్యాకేజీల్లో సాధారణంగా కనబడని ఒక జర్మన్ పట్టణం పేరు చెబుతాం. అది హాలె. అగస్ట్ హెర్మన్ ఫ్రాంకే 1698లో అక్కడ అనాథ పిల్లల కోసం పెద్ద భవనం కట్టడం మొదలుపెట్టాడు. బడులు, అచ్చుకూటం, మందుల తయారీ దాని చుట్టూ పెరిగాయి. 1706లో తరంగంబాడిలో దిగిన జీగెన్‌బాల్గ్ వెనుక నిలిచింది ఆ హాలె పట్టణమే. 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసు చేరి, తెలుగు నేర్చుకొని, కొత్త నిబంధనను, ఆ తర్వాత పాత నిబంధనను తెలుగులోకి అనువదించాడు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు. 1743లో ఆయన ఇండియా విడిచి హాలెకు తిరిగి వెళ్లాక, 1746, 1747 సంవత్సరాల్లో లూథర్ చిన్న ప్రశ్నోత్తరితో పాటు కొన్ని తెలుగు పుస్తకాలు అక్కడ అచ్చయ్యాయి. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా చరిత్రకారులు చెప్పేవి అవే. సి.పి. బ్రౌన్ పుట్టింది 1798లో అని గుర్తుచేసుకుంటే ఇవి ఎంత పాతవో అర్థమవుతుంది.

ఫ్రాంకే కట్టించిన ఆ భవనాలు నేటికీ ఉన్నాయి. పాత గ్రంథాలయం, మిషనరీల ఉత్తరాలు దాచిన భాండాగారం, దేశదేశాల నుంచి చేరిన వస్తువుల గది అక్కడ ఉన్నాయి. భాండాగారంలో పాత పత్రాలు చూడాలంటే ముందుగా రాసి అడగాలి. ఇలాంటి చోటును మధ్యాహ్నం రెండు గంటల్లో ముగించగలమా?

కాబట్టి పన్నెండు రాత్రులకు మా ప్రణాళిక ఇది. బెర్లిన్‌లో దిగి, గంటలోపు రైలు ప్రయాణంతో విట్టెన్‌బర్గ్ చేరి అక్కడ మూడు రాత్రులు ఉండాలి. 1517 అక్టోబర్ 31తో ముడిపడిన కోట చర్చిలోనే లూథర్ సమాధి ఉంది. అక్కడి నుంచి సుమారు గంట దూరంలోని హాలెకు వెళ్లి ఐదు రాత్రులు ఉండాలి. 1483లో లూథర్ పుట్టిన, 1546లో కన్నుమూసిన ఐస్లెబెన్, బాఖ్ 1723 నుంచి సంగీతం నడిపిన లీప్‌జిగ్ అక్కడికి దగ్గరే. పెట్టెలు గదిలోనే వదిలి, ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. చివరి నాలుగు రాత్రులు రోమ్‌కు ఇచ్చి, అటునుంచే తిరుగు విమానం ఎక్కాలి. బస మారేది రెండుసార్లే, చూసేది ఐదు ఊళ్లు.

పారిస్ చూడాలని మనసున్నవారు ఉంటారు. అది తప్పు కాదు. కానీ ఒక ఊరు కలిపేటప్పుడు, ఏ ఊరి రాత్రులు తీసి ఇస్తున్నారో పేరు పెట్టి చెప్పుకోవాలి. ఆ మాట పైకి అనగానే సగం వాదనలు సర్దుకుంటాయి.

వింతేమిటంటే వీసా కూడా ఇదే ప్రశ్న అడుగుతుంది. షెంగెన్ వీసాకు ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి చేయాలి. మా ప్రణాళికలో ఎనిమిది రాత్రులు జర్మనీలోనే కనుక దరఖాస్తు జర్మనీకే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి చేసుకోవచ్చు, పదిహేను రోజులకన్నా ఆలస్యం కాకూడదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. లండన్ కలపాలంటే బ్రిటన్ వీసా వేరుగా తీసుకోవాలి, ఖర్చూ వేరే. మిరప కోతలు ముగిసి, తొలకరికి ముందు తీరిక దొరికే మే నెల మన రైతు కుటుంబాలకు అనువు. అంటే క్రిస్మస్ ముగియగానే కాగితాలు సిద్ధం చేసుకోవాలి.

ఒకేచోట ఎక్కువ రాత్రులు ఉంటే వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు. అన్నం వండుకొని ఆవకాయతో తినవచ్చు. అయితే మాంసం పచ్చళ్లు, నెయ్యి తీసుకెళ్లకండి. మాంసం, పాల పదార్థాలను యూరప్‌లోకి రానివ్వరు. జర్మనీలో ఆదివారం దాదాపు దుకాణాలన్నీ మూసి ఉంటాయి గనుక సరుకులు శనివారమే కొనుక్కోవాలి. ఆ ఆదివారం ఏ దర్శనీయ స్థలమూ పెట్టుకోకుండా హాలెలోని ఒక సంఘంతో కలిసి ఆరాధించండి. భాష తెలియకపోయినా బల్ల దగ్గర రొట్టె విరవడం మనకు తెలుసు. పెద్దవారి కోసం మధ్యలో ఒక రోజు పూర్తిగా ఖాళీగా ఉంచండి. అప్పు చేసి మాత్రం బయలుదేరకండి. వచ్చాక వడ్డీ కట్టే నెలల్లో యాత్ర జ్ఞాపకాలు కూడా చేదెక్కుతాయి.

తన దినాలను లెక్కించడం నేర్పమని దేవుణ్ణి అడిగిన మోషే అడిగింది జ్ఞానం కోసమే. టికెట్లు కొనకముందే బృందమంతా ఒక సాయంత్రం ప్రార్థనలో కూర్చోండి. 'ఒక్క ఊరికే వెళ్లగలిగితే ఏ ఊరికి వెళ్తారు? ఎందుకు?' అని ప్రతి ఒక్కరినీ అడగండి. పెద్దమ్మలను, తాతయ్యలను ముందుగా చెప్పనివ్వండి. ఎక్కువమంది చెప్పిన ఊరికి ముందుగా రాత్రులు కేటాయించి, మిగిలినవి తర్వాత పంచుకోండి.