ఆయిల్ పామ్ కణజాల వర్ధనం

ద్వారకా తిరుమల చుట్టుపక్కల మెట్ట ఊళ్ళలో ఆయిల్ పామ్ తోటలను మీరు చూసే ఉంటారు. ఈ పంటపై పరిశోధన చేసే జాతీయ సంస్థ 1995 నుంచి ఏలూరు దగ్గర పెదవేగిలోనే ఉంది. కణజాల వర్ధనానికి అరటిని ఉదాహరణగా చెప్పడం తేలిక. అయినా ఆ పద్ధతి బలమూ, బలహీనతా రెండూ ఆయిల్ పామ్‌లోనే బాగా తెలుస్తాయని నా అభిప్రాయం.

సైప్రస్, సరుగుడు చెట్ల కొమ్మ ముక్కలకు వేళ్ళు పుట్టించవచ్చు. అరటికి పిలకలు వస్తాయి. ఆయిల్ పామ్‌కు కొమ్మ లేదు, పిలక లేదు. ఉన్నది ఒకే మొవ్వు. కాబట్టి విత్తనమే దిక్కు. మన తోటల్లోని టెనెరా రకం, మందపు పెంకు గల డ్యూరాకూ పెంకు లేని పిసిఫెరాకూ పుట్టిన సంకరం. పెంకు మందాన్ని ఒకే జన్యువు నిర్ణయిస్తుందని 1941లో కాంగోలో పనిచేసిన శాస్త్రవేత్తలు తేల్చారు. అందుచేత టెనెరా చెట్ల మధ్య పరాగ సంపర్కం జరిగి ఏర్పడిన గింజలు నాటితే డ్యూరా, టెనెరా, పిసిఫెరా 1:2:1 నిష్పత్తిలో వస్తాయి. అంటే సగం మొక్కలు రైతుకు అక్కరకు రావు. బాగా కాసే ఒక టెనెరా చెట్టును ఉన్నదున్నట్లు వృద్ధి చేయాలంటే కణజాల వర్ధనమే మార్గం.

మొవ్వులో ఇంకా విచ్చుకోని లేత ఆకుల ముక్కలను సూక్ష్మజీవరహితం చేసి, ఆక్సిన్ కలిపిన యానకంపై చీకటిలో ఉంచుతారు. కొన్ని నెలలకు ముక్కల అంచున కాలస్ ఏర్పడుతుంది. అందులో కొంత మాత్రమే పిండాభాలను ఇస్తుంది. వాటి నుంచి కాండం, వేరు వచ్చి మొక్క నర్సరీకి చేరేసరికి రెండేళ్ళు దాటవచ్చు. ఓపిక లేనివారికి ఈ పని కుదరదు.

1970 దశకంలో బ్రిటిష్, ఫ్రెంచ్ ప్రయోగశాలలు ఇలా మొక్కలు సాధించాయి. అవి పొలంలో పూతకు వచ్చాక అసలు చిక్కు బయటపడింది. కొన్ని చెట్ల ఆడ పుష్పాల్లో కేసరాలు కావలసిన భాగాలు ఫలదళాలుగా మారి, కాయ చుట్టూ అదనపు తొడుగులా పెరిగాయి. దీన్ని మాంటిల్డ్ లోపం అంటారు. తీవ్రమైతే గెలలే నిలవవు. డీఎన్ఏ వరుస మారలేదు. మరి తేడా ఎక్కడ? 2015లో మలేషియా శాస్త్రవేత్తలు, వారి సహచరులు జవాబు కనుక్కున్నారు. పుష్ప భాగాల రూపాన్ని నిర్దేశించే డెఫిషియెన్స్ జన్యువు లోపల ఒక చలన జన్యుభాగం ఉంది. వర్ధన దశలో దానిపై మిథైల్ సమూహాలు తొలగిపోతే లోపం వస్తుంది. ఆ జన్యుభాగం పేరు కర్మ! మనకు కొత్త పేరేమీ కాదు.

ఎకరానికి సుమారు 57 మొక్కలు, పాతికేళ్ళకు పైబడిన పంట. కాపుకు రావడానికే మూడు నాలుగేళ్ళు పడుతుంది. లోపం అప్పటిదాకా తెలియకపోతే రైతు అన్నేళ్ళ పెట్టుబడీ నష్టపోతాడు. లేత మొక్క ఆకు ముక్కలో కర్మపై మిథైల్ సమూహాలు ఉన్నాయో లేదో పరీక్షిస్తే చెడ్డ మొక్కలను నర్సరీలోనే ఏరివేయవచ్చు. మీ ఇంట్లో ఎవరైనా కణజాల మొక్కలు కొనదలిస్తే, ఆ పరీక్ష చేశారా అని ముందుగా అడగమనండి.