పాత కెమెరాకు పట్టిక రాస్తే పదిలం

ఆదోని, ఎమ్మిగనూరు: డిజిటల్ కెమెరాలు, ఆపై సెల్‌ఫోన్లు వచ్చాక ఫిల్ము కెమెరాలు బీరువాలకే పరిమితమయ్యాయి. ఒకప్పుడు పెళ్లిళ్లను, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరను చిత్రించిన పనిముట్లవి. వాటిని వాడిన పెద్దాయన ఉన్నంతకాలం ఏది ఎప్పుడు కొన్నదో, ఏది ఎందుకు మొరాయిస్తుందో ఇంట్లో తెలుస్తుంది. ఆయన తదనంతరం అవి తూకానికి అమ్మే పాత సామానుగా మిగులుతాయి. ఆయన చెబుతుండగానే ఆ వివరాలను పట్టికగా రాసుకోవడం అవసరం.

దీన్‌దయాళ్ చూపిన దారి

నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ (1844-1905) తన చిత్రాలకు సంఖ్యలు వేసేవారు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి. ఏ చిత్రం ఎక్కడిదో గుర్తించడానికి అలాంటి సంఖ్యలే ఆధారం. ఇంటి బీరువాకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

పట్టికలో ఏం రాయాలి?

ఒక గీతల పుస్తకం చాలు. వరుస సంఖ్య, కెమెరా పేరు, ఫిల్ము సైజు, కొన్న సంవత్సరం, ఊరు, ప్రస్తుత స్థితి అనే గడులు ఉండాలి. బాడీపై ఉండే సంఖ్య వేరు, లెన్స్ అంచున ఉండే సంఖ్య వేరు. రెండూ రాయాలి. దొంగతనం జరిగినా, అమ్మకానికి పెట్టినా అవే ఆనవాళ్లు. చివరి గడిలో ఆ కెమెరాతో తీసిన మరపురాని చిత్రం గురించి ఒక్క వాక్యం రాస్తే పట్టికకు ప్రాణం వస్తుంది.

పేర్లలోనూ విశేషాలున్నాయి. యాషికా మ్యాట్ 124జిలో 120 రకం రీలు వేస్తే 12, 220 రకం వేస్తే 24 చిత్రాలు వస్తాయి. 124 అన్న అంకె ఆ రెంటినీ సూచిస్తుంది. దేశంలోనే తయారైన అగ్ఫా క్లిక్-3లోనూ 120 రీలుకు 12 చతురస్రపు చిత్రాలే.

బూజు, నూగు, బ్యాటరీ

లెన్స్‌లోకి టార్చిలైటు వేసి చూస్తే సాలెగూడులాంటి బూజు కనిపిస్తుంది. వానాకాలంలో తేమ చేరడమే దీనికి కారణం. తోలు సంచి తేమను పట్టి ఉంచుతుంది కనుక కెమెరాను అందులో ఉంచరాదు. మూత బిగువుగా ఉన్న డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో భద్రపరచాలి. ఆదోనిలో జిన్నింగ్ మిల్లుల సమీపంలోని ఇళ్లకు పత్తి నూగు బెడద అదనం. దానిని ఊదుడు బంతితో తొలగించాకే లెన్స్ తుడవాలి. లేకుంటే గీతలు పడతాయి. బ్యాటరీలు తీసివేయాలి, కారితే లోపలి తీగలు తుప్పు పడతాయి. షట్టరు ఎక్కించి వదిలేస్తే స్ప్రింగు సాగుతుంది.

దాచడమే కాదు, వాడాలి

నెలకోసారి షట్టరు నొక్కి శబ్దం వినాలి. ఒక సెకను వేగం నత్తనడక నడిస్తే నూనె గట్టిపడిందని అర్థం. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' రీళ్లు ఇప్పుడు రావు. అయితే ఇల్‌ఫర్డ్, కోడాక్ పేరిట 120 ఫిల్ము నేటికీ తయారవుతోంది. ఏడాదికి ఒక్క రీలు వేసి, రణమండల కొండనో, ఇంటి పెద్దనో చిత్రిస్తే ఆ కెమెరా బీరువాలో బరువు కాదు. పన్నెండు చిత్రాలే ఉన్నప్పుడు ప్రతి నొక్కుకూ ఆలోచన తోడవుతుంది. ఆ చిత్రాల వెనుక తేదీ, పేర్లు రాసి పట్టికలోని సంఖ్య వేస్తే, రేపటి తరానికి కెమెరాతోపాటు దాని కథా దక్కుతుంది.